దండలు దున్నకు, దాణా లెక్కలు బర్రెకు

మా యాదవుల దున్నల పండగ సదర్‌లో ఒక్క బర్రె మెడలో దండ పడగా నేనింతవరకు చూడలేదు. దండలన్నీ దున్నలకే. గజ్జెలు, గవ్వల పట్టీలు, నెమలి ఈకల కట్టలు, తీన్మార్ డప్పులు, ఫోన్లు పైకెత్తి ఎగబడే పిల్లలు, బాల్కనీల్లోంచి వంగి చూసే ఆడవాళ్లు, అంతా దున్నల కోసమే. పాలిచ్చేది మాత్రం ఆ రాత్రి కొట్టంలోనే ఉంటుంది. దాని పక్కన నాలాంటిదొకతి ఉంటుంది. పండగ అని బర్రె పాలు ఆపుకోదు కదా, తెల్లారుజామున లేచి పితకాల్సిందే.

ఇది పత్రికకెక్కాల్సినంత సంగతేనా అంటే, 2024లో రాష్ట్ర ప్రభుత్వం సదర్‌ను అధికారిక ఉత్సవంగా గుర్తించిన దగ్గర్నుంచి అయింది. మా యాదవుల ఇళ్ల పండగగా ఉన్నన్నాళ్లు ఎవరి మెడలో దండ వేసుకున్నా అది మా ఇంటి విషయం. సర్కారు వచ్చి పక్కన నిలబడ్డాక ఆ పండగ గురించి పాడి ఉన్న ప్రతి ఒక్కరూ ఒక మాట అడగొచ్చు. నేనడిగేది చిన్నదే. దున్నల ఊరేగింపు ఎట్లా ఉందో అట్లాగే ఉండనీయండి. దానికి ముందు బర్రెలకు పోటీ పెట్టండి. ఒక్కరోజులో ఎన్ని లీటర్లు ఇచ్చిందని కొలిచే పోటీ కూడా నాకు చాలదు. ఒకే ఇంట్లో, ఒకే గుంజకు, ఎన్ని ఈతలు నిలిచిందో చూసి ఇచ్చే బహుమతి కావాలి. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు నేనెవరో చెప్పాలి. పుట్టిల్లు ఇబ్రహీంపట్నం అవతల యాచారం వైపు. మెట్టినిల్లు మీర్‌పేట్. డిగ్రీ చదివాను, పెళ్లయ్యాక పాల లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది, దాంతోపాటే పాల తపేలా కూడా. నేనొచ్చేనాటికి మా మామ కొట్టంలో ఇరవై దాకా బర్రెలుండేవి, ఇప్పుడు పదకొండు. చుట్టూ ప్లాట్లు పడ్డాయి. వెనుక పెరడు పోయి మూడంతస్తుల ఇల్లు లేచింది. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు పెండ వాసన అని ఫిర్యాదు చేస్తారు, వాళ్లే సాయంత్రం గిన్నె పట్టుకొని చిక్కటి పాలకు కిందికి దిగుతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. పెరుగు గట్టిగా తోడుకోవాలని ఎవరికుండదు?

సదర్ నాకు ఇష్టమైన పండగ, ఈ మాట మొదటే చెప్పకపోతే ఇంట్లో అన్నం పుట్టదు. దీపావళి మరునాడో, ఆ పైరోజో ఒక్కో బస్తీలో ఒక్కో వేళకు జరుగుతుంది. అన్నిటికంటే పెద్దది నారాయణగూడది. పట్నంలోని మిగతా పేటల దున్నలు కూడా అక్కడికి చేరతాయి. నెల ముందునుంచే మా మామ కాళ్లు నేల మీద నిలవవు. ఆయన దగ్గర ఒక దున్న ఉండేది, పేరు రాజా. దాని ఒంటి మీద వెంట్రుకలు గొరిగించి, రోజూ తోమి కడిగి, నూనె పట్టించి, వీధి దీపం కింద నిలబెడితే వెలుగు దాని వీపు మీద జారిపోయేది. కొమ్ములకు గాజుపెంకుతో గీకి నునుపు పట్టించేవారు. ముందరి కాళ్లెత్తి వెనక కాళ్ల మీద నిలబడడం నేర్పడానికి మా ఆయన, మరిదీ గంటలకొద్దీ తాడు పట్టుకొని ఒకటే పిలుపు. అది లేచి నిలబడ్డ క్షణాన మా మామ ముఖం చూడాలి. కొడుక్కి సర్కారు నౌకరీ వచ్చినప్పుడు కూడా అంత వెలగలేదని మా అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ దున్న తిన్న దాణా ఎక్కడిది? పాల పైసలది. రాజా వాటాకు తవుడు, పత్తిచెక్క, శనగపొట్టు, ఇవిగాక బెల్లం, గుడ్లు. అదే నెలలో ఈనిన బర్రెకు బెల్లం కావాలంటే లెక్క అడిగేవారు. పుస్తకం నా చేతిలో ఉంది కాబట్టి ఈ మాట గాలికి అనడం లేదు. రాజా మా కొట్టంలో ఎన్ని బర్రెలను చూడి కట్టించిందో కూడా ఆ పుస్తకంలోనే ఉంది, ఆ పేజీ దాదాపు ఖాళీ. సదర్ దున్నను పనికి పెట్టరు. బరువు తగ్గుతుందని, కాలు బెణుకుతుందని భయం.

ఇక ఉత్తరాది నుంచి వచ్చే దొరల సంగతి. కొన్నేళ్లుగా హర్యానా, పంజాబ్ నుంచి ముర్రా దున్నలను లారీల్లో, ఒక్కోసారి కూలర్లు పెట్టిన వాహనాల్లో తెస్తున్నారు. యువరాజ్, సర్తాజ్, గోలు, వీటి పేర్లు సినిమా హీరోల పేర్లలా మా పిల్లల నోళ్లలో ఆడాయి. ఫలానా దున్న విలువ ఇన్ని కోట్లని పత్రికల్లో వస్తుంది. రోజుకు ఇన్ని లీటర్ల పాలు తాగుతుంది, ఇన్ని కిలోల యాపిల్ పండ్లు తింటుంది, బాదం, జీడిపప్పు, రాత్రికి ఒక పెగ్గు. చదువుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ కోట్లు ఎవరు ఎంచి ఇచ్చారో, రసీదు ఎవరి దగ్గరుందో అడిగినవాళ్లు లేరు. సంతలో దళారులు తువ్వాల కింద వేళ్లు పట్టుకొని బేరమాడతారు, ఆ వేళ్ల లెక్కకైనా చివర్లో నోట్లు చేతులు మారతాయి. ఇక్కడ ధర మాత్రమే ఊరేగుతుంది. అయినా దున్న పాలు తాగడమేమిటండీ! తాగిన పాలకు పదింతలు దాని కూతుళ్లు ఇస్తేనే అది మంచి దున్న.

దున్న గొప్పతనం దాని ఒంటి మీద కనబడదు, పశువైద్యంలో మొదటి పాఠం ఇది. నల్లగా, ఎత్తుగా, కొమ్ములు ఉంగరాల్లా చుట్టుకొని ఉంటే జాతి ముర్రా అని తెలుస్తుంది, అంతవరకే. దాని రక్తంలో పాలున్నాయో లేవో తెలియాలంటే కూతుళ్లు ఈనేదాకా ఆగాలి. బర్రె చూడి పది నెలల పైమాటే, సుమారు 310 రోజులు. పుట్టిన దుడ్డె పెరిగి పడ్డై, ఎదకు వచ్చి, కట్టి, మొదటి ఈత ఈనడానికి మూడున్నర నాలుగేళ్లు. ఆ ఈతలో 305 రోజుల పాలు కొలిచి రాస్తే అప్పుడు తండ్రి సంగతి బయటపడుతుంది. అంటే ఈ ఏడు సదర్‌లో ఎగిరిన దున్న మంచిదో కాదో తెలిసేసరికి మరో అరడజను సదర్‌లు దాటిపోతాయి. అందుకే తల్లి పాల లెక్క లేకుండా, రోగ పరీక్షలు లేకుండా సర్కారు వీర్య కేంద్రంలోకి దున్నను రానివ్వరు. మన కరీంనగర్ కేంద్రంలో ఉండే దున్నల మెడలో పూలు ఉండవు. వాటి వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని డబ్బాలో, సన్నటి స్ట్రాల్లో, గోపాలమిత్ర బైకు వెనక కూర్చొని ఊరూరికి పోతుంది. మా పుట్టింటి వైపు మంచి బర్రెలన్నీ అట్లా పుట్టినవే. ఆ తండ్రుల ముఖం ఎవరూ చూడలేదు.

మరి సదర్‌లో దున్న మెడకు ఒక అట్ట ఎందుకు కట్టకూడదు? దీని తల్లి ఒక ఈతలో ఇన్ని లీటర్లు ఇచ్చింది, దీనికి కూతుళ్లు ఇంతమంది, చూడి ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లా దీనికి లేదని ఫలానా తేదీన పరీక్ష అయింది. మూడు లైన్లు చాలు. సర్కారు పశువులకు చెవిలో వేసే పసుపు బిళ్ల మీద పన్నెండంకెల నంబరు ఉండనే ఉంది, దానికి ఈ లెక్క జోడిస్తే సరి. కోటి రూపాయల ధర రాసుకునే బ్యానర్ మీద ఈ మూడు లైన్లకు చోటు లేకపోదు.

మా ఆయన ఈ మాట విని, ‘‘పండగకు ఇంటర్ పరీక్ష పెట్టినట్టు మాట్లాడుతవ్’’ అన్నాడు. పండగలో కొలత ఉండకూడదని ఎవరన్నారు? సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు ఎడ్ల పందేలు జరుగుతాయి. చుట్టూ జనం, ఈలలు, దుమ్ము, అరుపులు, పండగకు తక్కువేం లేదు. కానీ అక్కడ పాలపళ్ల గిత్తలకు ఒక విభాగం, రెండు పళ్లకు ఒకటి, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేర్వేరు. నోరు తెరిచి పళ్లు చూసి గాని బరిలోకి రానివ్వరు. బండ బరువు ముందే ఖరారు, సమయం ముందే ఖరారు, లాగిన దూరం అడుగుల్లో, అంగుళాల్లో కొలిచి మైకులో చెబుతారు. ఓడినవాడు కూడా ఎందుకు ఓడాడో తెలిసి ఇంటికి పోతాడు. సదర్‌లో ఎవరు గెలిచారో ఎవరికీ తెలియదు. ఎవరి డీజే పెద్దదైతే వాళ్లు గెలిచినట్టు. (ఆ డీజే మోతకు కొట్టంలో మా బర్రెలు మరునాడు పాలు ఎగ్గొడతాయి. ఆ నష్టం కూడా నా పుస్తకంలో ఉంది.)

పాలపోటీలు మనకు కొత్త గాని, దేశానికి కొత్త కాదు. పంజాబ్‌లో లూథియానా దగ్గర జగ్రావ్‌లో పాడి రైతుల సంఘం ఏటా పెద్ద ప్రదర్శన పెడుతుంది. 2019 డిసెంబర్‌లో అక్కడ హర్యానాలోని హిస్సార్ జిల్లా నుంచి వచ్చిన సరస్వతి అనే ముర్రా బర్రె ఒక్కరోజులో 33.131 కిలోల పాలిచ్చింది. గ్రాముల దాకా ఎట్లా తెలిసింది? ముందు జడ్జీల కళ్లెదుటే పొదుగు పూర్తిగా ఖాళీ చేయిస్తారు, దాచిపెట్టిన పాలతో మోసం జరగకుండా. అక్కడి నుంచి గడియారం మొదలు. ప్రతి పితుకూ కాటా మీదే. సరస్వతి పేరు దేశమంతా తెలిసింది, దాని యజమానికి ఎంతోమంది ఫోన్లు చేశారు, దాని దుడ్డెకు గిరాకీ పెరిగింది. హర్యానా ప్రభుత్వం కూడా ఎక్కువ పాలిచ్చే ముర్రా బర్రెలను లెక్కపెట్టి, వాటి యజమానులకు ప్రోత్సాహకం ఇస్తుంది. అక్కడి దున్న మన నారాయణగూడకు వచ్చి కోట్ల ధర చెప్పుకుంటోందంటే దాని వెనక వాళ్లమ్మ పొదుగు ఉంది. మనం దున్నను తెచ్చుకున్నాం, కాటా మరిచిపోయాం.

ప్యారిస్‌లో 1964 నుంచి జరుగుతున్న పెద్ద వ్యవసాయ ప్రదర్శనకు ఏళ్లుగా పోస్టర్ మీద ఒక ఆవు బొమ్మ వేసి, దాని పేరుతో సహా ఊరంతా అంటిస్తారు. ఆ ఆవు ఏ జాతి, ఏ ఊరు, ఎవరి కొట్టం, అన్నీ జనం మాట్లాడుకుంటారు. మన హైదరాబాద్ గోడల మీద ఒక బర్రె బొమ్మ, కింద దాని పేరు, దాని ఊరు మంచాల అనో కందుకూరు అనో రాసి ఉంటే ఎట్లుంటుంది! ఇరానీ చాయ్ తాగే ప్రతివాడూ దాని వైపు ఒకసారి చూడాలి. ఆ చిక్కదనం ఎవరిచ్చింది మరి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రోజుకు ముప్పై కిలోల రికార్డు నాకెందుకు పట్టదో, ఈతల లెక్క మీద ఎందుకు పట్టుదలో.

నగరంలో కొట్టం నడిచే తీరు బయటివాళ్లకు తెలియదు. దళారి దగ్గర అప్పుడే ఈనిన బర్రెను దూడతో సహా కొంటాం. ధర దాని పొదుగును బట్టి. తెచ్చిన రోజు నుంచి పాలే. కట్టెయ్యడానికి ఇంత జాగా, ఆ జాగాకు కిరాయో, లేదా అది అమ్మితే వచ్చే సొమ్ము మీద ఆశో. గడ్డి కొనాలి. మా పట్నం బర్రెలు తినే పచ్చిగడ్డిలో చాలా భాగం మూసీ పక్కన మురుగునీటి మీద పెరిగే పారాగడ్డి, మోపుల లెక్కన వస్తుంది. ఎనిమిది తొమ్మిది నెలలకు పాలు తగ్గుతాయి. ఈలోగా మళ్లీ కట్టి ఉంటే మూడు నాలుగు నెలలు ఒట్టిపోయి, ఈని, మళ్లీ పాలకు వస్తుంది. కానీ కట్టిందా లేదా చూసే తీరిక ఎవరికి? బర్రెకు ఎండాకాలంలో మూగ ఎద వస్తుంది, అరవదు, ఎగరదు. కనిపెట్టి చూస్తే గాని దొరకదు. ఇరవై ఒక్క రోజులకు ఒకసారి వచ్చే ఆ గడియ దాటితే మళ్లీ మూడు వారాలు. రెండుసార్లు దాటాక యజమాని లెక్క వేసుకుంటాడు: పాలు లేని బర్రెకు రోజూ ఇంత దాణా పోసి ఇన్ని నెలలు మేపడం కంటే, అమ్మేసి ఇంకో ఈనిన బర్రెను తెచ్చుకోవడం నయం.

అమ్మితే ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. రెండో ఈతలో, మూడో ఈతలో, మంచి వయసులో ఉన్న బర్రె కోతకు పోతుంది. మంచి జాతి బర్రెలనే ఏరి ఏరి కొంటాం కాబట్టి పోయేవి కూడా మంచివే. దాని దూడ అంతకు ముందే పోయి ఉంటుంది. మగదైతే మరీ. దూడ లేకుంటే బర్రె చేపదు. అందుకని చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందర నిలబెట్టే పద్ధతి మా తాతల కాలంలో కూడా ఉంది. అదీ లేకుంటే సూది. ఆక్సిటోసిన్ సూది వేస్తే రెండు నిమిషాల్లో పాలు దిగుతాయి. ఆ సూదికి అలవాటు పడ్డ బర్రె సూది లేనిదే ఇవ్వదు, కట్టడం కూడా కష్టమవుతుంది. మా కొట్టంలో నేనొచ్చాక సూది బంద్ చేయించాను. దానికోసం మా మామతో మాటల్లేకుండా గడిచిన రోజులున్నాయి.

ముంబయిలో ఇదే కథ జరుగుతోందని స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే గుర్తించారు. ఊరి మధ్య ఉన్న తబేలాల నుంచి బర్రెలను తరలించడానికి 1949లో ఆరే కాలనీ కట్టారు. మన పట్నానికి అలాంటిదొకటి ఇబ్రహీంపట్నం వైపు వస్తుందని మా మామ చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాడట.

మా పుట్టింట్లో మరో తీరు ఉండేది. మీర్‌పేట్, సరూర్‌నగర్ వైపు చుట్టాలు ఒట్టిపోయిన బర్రెలను మా ఊరికి తోలేవారు. సాగర్ రోడ్డు వెంట, గుర్రంగూడ, తుర్కయాంజాల్ దాటుకుంటూ నడిపించుకొని వచ్చేవారు. సగపాలు ఒప్పందం. మా నాన్న మేపేవాడు, జొన్నచొప్ప, వరిగడ్డి, గట్ల మీద పచ్చిక. ఎదకు వచ్చినప్పుడు కట్టించేవాడు. ఈనే ముందు పట్నం తోలేవారు. పుట్టిన దుడ్డె ఆడదైతే పెంచుకోవడానికి మాకు, బర్రె వాళ్లకు, లేదా ధర కట్టి సగం సగం. పేపరు మీద ఒక్క అక్షరం ఉండేది కాదు. బర్రె బతికేది, ఊళ్లో మంచి దుడ్డె మిగిలేది, పట్నంలో పాలు ఆగేవి కావు. గట్లు ప్లాట్లయ్యాక, మేపే మనిషికి రోజు కూలి పెరిగాక ఈ పద్ధతి పోయింది. పోయిన దానికి ఏడవడం నా పని కాదు, తిరిగి నిలబెట్టే వీలుంది కాబట్టి చెబుతున్నాను. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కొన్ని దశాబ్దాల తర్వాత 2022లో నిండి అలుగు పారినప్పుడు చూడ్డానికి ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చాయి. ఆ నీళ్ల కింద నాలుగెకరాల్లో సూపర్ నేపియర్ గడ్డి వేసి, ఒట్టి బర్రెలను చేర్చుకొనే ఒక సంఘం ఉంటే చాలు.

అందుకే నా పోటీలో ఈతలకు మార్కులు. ఒకే ఇంట్లో మూడు ఈతలు దాటిన బర్రె అయితేనే రావాలి. నాలుగో ఈతకు ఇన్ని, అయిదో ఈతకు ఇంకొన్ని. ఈతకు, ఈతకు మధ్య ఎన్ని నెలలు పట్టిందో దానికి వేరే మార్కులు. దాని కడుపున పుట్టిన ఆడ దుడ్డె అదే కొట్టంలో బతికి ఉంటే అదనం. ఆ తర్వాత పాల కొలత. ఇట్లా పెడితే బర్రెను అమ్మకుండా నిలుపుకున్న ఇల్లు గెలుస్తుంది, డబ్బు పెట్టి నిన్న కొన్న ఇల్లు గెలవదు. దేశంలో ఎక్కడా ఇట్లాంటి పోటీ ఉన్నట్టు నేను వినలేదు. లేకపోతే మనమే మొదలుపెడదాం, తెలంగాణలో 2019 పశుగణన ప్రకారం 42 లక్షల పైగా గేదెజాతి పశువులున్నాయి, పోటీకి కొదవ లేదు.

మా అత్త అడ్డం చెప్పింది. ‘‘బర్రె పొదుగు నలుగుట్ల జూపిస్తే దిష్టి తగలదా బిడ్డా? రేపు పాలు తప్పితే ఎవరిస్తరు?’’ నవ్వేవాళ్లు నవ్వొచ్చు. మా ఇళ్లలో బర్రె ఎన్ని లీటర్లు ఇస్తుందో పక్కింటికి కూడా నిజం చెప్పరు. ఈనిన బర్రెను వీధి వైపు తిరిగి కట్టరు, మెడలో పాత చెప్పు ముక్కో, నల్లతాడో ఉంటుంది. ఇది నమ్మకమే అయినా దీని వెనక తెలివి ఉంది. పాలిచ్చే బర్రెను లారీ ఎక్కించి, వెయ్యి మంది మధ్య నిలబెట్టి, కొత్త చెయ్యి పితికితే అది చేపనే చేపదు. నాలుగూళ్ల పశువులు ఒకచోట చేరితే గాలికుంటు వచ్చినా, గొంతువాపు వచ్చినా నష్టం ఇంటికే. జగ్రావ్‌లో ఎట్లా చేస్తున్నారో గాని మన దగ్గర బర్రెను కదిలించొద్దు. జడ్జీలే కొట్టానికి రావాలి. రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలను ఇద్దరిద్దరిని పంపండి. కాటా, పాలలో వెన్న చూసే మిషన్, ఒక పుస్తకం. ముందు రోజు సాయంత్రం పొదుగు ఖాళీ చేయించి, మరునాడు రెండు పూటలూ కొలిచి, నెలకోసారి చొప్పున ఈత పొడుగునా వచ్చి రాసుకుంటే నికరమైన లెక్క తేలుతుంది. సూది వేశారా లేదా కూడా వాళ్ల కళ్లెదుటే తెలిసిపోతుంది. వాళ్లకు చదువు, మాకు లెక్క. సదర్ రోజున మాత్రం గెలిచిన బర్రె బొమ్మ పెద్దది చేసి బండి మీద ఊరేగించండి. బొమ్మకు దిష్టి తగిలితే తగలనీ అంది మా అత్త, ఆ మాత్రం ఒప్పుకుంది.

రెండో అడ్డంకి మా మామ నుంచి. సదర్ మగవాళ్ల బలం చూపించే పండగ, ఇందులో ఆడవాళ్ల పేర్లెందుకని. పేర్ల సంగతి నేనే లేవనెత్తాను. బహుమతి కాగితం మీద బర్రె పేరు, ఊరు, దాన్ని పితికే మనిషి పేరు ఉండాలన్నాను. పితికే మనిషి అంటే కొన్ని కొట్టాల్లో బీహార్ నుంచి వచ్చిన అబ్బాయి, చాలా ఇళ్లలో ఆ ఇంటి కోడలో, అత్తో. భీమదేవరపల్లి మండలం ముల్కనూర్‌లో 2000 సంవత్సరం నుంచి ఆడవాళ్ల పేరు మీదే పాల సహకార సంఘం నడుస్తోంది. సభ్యులు ఆడవాళ్లు, పాలు పోసిన చీటీ వాళ్ల పేరిట, పైసలు వాళ్ల ఖాతాలో. పాలు తగ్గలేదు, ఊళ్లో మగవాళ్ల బలం కూడా తగ్గినట్టు ఎవరూ చెప్పలేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం విజయ డెయిరీకి పాలు పోసే రైతులకు లీటరుకు నాలుగు రూపాయల ప్రోత్సాహకం ప్రకటించినప్పుడు మా పుట్టింటి దగ్గర చీటీలు ఎవరి పేర ఉన్నాయో చూడండి, నాన్నల పేర, అన్నల పేర. పొద్దున కుండ నెత్తిన పెట్టుకొని కేంద్రానికి పోయింది మా అమ్మ.

రాజా ముసలిదై పోయాక మా మామ కొత్త దున్నను తేలేదు. హర్యానా దున్నల పక్కన నిలబెట్టడానికి మన ఇంటి దున్న ఆనదని ఆయన బాధ. నిజమే, బయటి నుంచి వచ్చే బరువుల ముందు బస్తీల్లో పెంచిన దున్నలు వెనకబడ్డాయి. ఇంట్లో పెంచే సరదా తగ్గి, కిరాయికి తెచ్చే సరదా పెరిగింది. పండగ పెద్దలు ఇది ఆలోచించాలి. ఇక్కడి కొట్టంలో, ఇక్కడి బర్రెకు పుట్టిన దున్నకు విడిగా ఒక వరస పెట్టి, దాని తల్లి పాల లెక్క చదివి ముందు నడిపిస్తే మా మామ మళ్లీ కొమ్ములకు గాజుపెంకు పడతాడు. మా లక్ష్మికి ఈసారి మగ దూడ పుట్టింది. లక్ష్మి మా ఇంట్లో అయిదో ఈత. 2020 అక్టోబర్‌లో చెరువు నీళ్లు మీర్‌పేట్ కాలనీల్లోకి వచ్చిన రాత్రి చూడితో ఉండి, మోకాలు లోతు నీళ్లలో నడిచి రోడ్డెక్కిన బర్రె అది. దాని దూడను అమ్మొద్దని, దానికి రెండు రొమ్ముల పాలు వదలాలని చెప్పాను. మామ ఏమీ అనలేదు. మరునాడు ఆయనే దూడ చెవి పట్టుకొని ఎత్తు చూస్తున్నాడు.

ఇక బహుమతి. వేదిక మీద ఇచ్చే మెమెంటోలు మా ఇంట్లో అటక నిండా ఉన్నాయి, అన్నీ రాజావే. గెలిచిన బర్రె ఇంటికి శాలువా వద్దు. ఒట్టిపోయిన నెలలకు సరిపడా దాణా బస్తాలు ఇవ్వండి, అమ్మకుండా ఆగడానికి అదే ఆసరా. మొదటి బహుమతికి గడ్డి కత్తిరించే మిషన్ ఇవ్వండి. రెండు హార్స్‌పవర్ చాలు. సింగిల్ ఫేజ్‌ది చూసి కొనండి, త్రీ ఫేజ్ మీటరుకు మళ్లీ కరెంటాఫీసు చుట్టూ తిరిగే ఓపిక పాలు పితికేవాళ్లకు ఉండదు.